బలిపీఠం వెనక అల

దివిసీమలోని మా గుళ్లో, బలిపీఠం వెనక గోడకి బొమ్మ వేసిన ఆర్టిస్టుగారి పేరు నాకు తెలియదు. ఆయన్ని పంపినందుకు మాత్రం ప్రభువుకి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

ఆ మనిషికి నిలకడ లేదు. కాస్త గీయగానే కుంచెతోనే నిచ్చెన దిగొచ్చి, "మీరెక్కడ కూచుంటారండీ?" అని ఎవరినో ఒకరిని అడిగేవారు. అక్కడ కూచుని చూసి మళ్లీ ఎక్కేవారు.

వేసింది యేసయ్య పడవలో నిలబడి తుఫానుని గద్దించడం. బొమ్మ పూర్తయిందనగానే మా అత్తగారు చూడ్డానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి.

"ఆ అల నా మీదకొస్తంది నాయనా. నేనింక గుళ్లోకి రాలేను" అన్నారు.

ఆర్టిస్టుగారు గుళ్లో ఆవిడ ఎప్పుడూ కూచునే చాప మీద కూచున్నారు, లేచారు, మళ్లీ కూచున్నారు.

"అల తగ్గిస్తే ప్రభువు మహిమ తగ్గుతుందయ్యా" అన్నారు పాస్టరుగారు.

"తగ్గించనండి. ఆవిడకి ఒడ్డు కనబడట్లేదు, అంతే."

ఆదివారం దాకా నాకూ కాలు నిలవలేదు. ఆ రోజు ఆవిణ్ణి బతిమాలి, చేయి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్లాను. అల అలాగే ఉంది. పడవ ముందు మాత్రం కొత్తగా ఇసుక ఒడ్డు, దాని వెనక మా ఊరి సరుగుడు చెట్లు.

అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు.

"పడవ వచ్చేసిందే అమ్మాయ్" అని నా చేయి వదిలి, వెళ్లి చాప మీద కూచున్నారు.