చెల్లి ఫిజిక్సు, నా జీడిపప్పు టిన్ను

మొన్న పలాస బస్టాండులో మా చిన్నాన్న కోడలు నన్ను పట్టుకుంది. వాళ్లమ్మాయికి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్సు సీటు వచ్చిందట. "వదినా, మీ సెల్లి ఆ ఫిజిక్సు ఎలాగ సదివిందో కాస్త సెప్పవా, మా గుంట బెంగెట్టుకుంది" అంది. బడి మధ్యలో మానేసి జీడిపప్పు కార్ఖానాలో చేరినదాన్ని నేను. నన్ను పట్టుకుని ఫిజిక్సు చదివే పద్ధతి అడిగితే నవ్వు రాదా? నవ్వాను కూడా. కానీ తెలియదని మాత్రం అనలేదు, ఎందుకంటే తెలుసు. "కూసో, సెప్తాను. బస్సు ఎలిపోతే నన్ననకు" అన్నాను. రెండు బస్సులు వెళ్లిపోయాయి.

మా చెల్లి టెక్కలిలో డిగ్రీ చదివిన మూడేళ్లూ బట్టీ పట్టింది. గైడు తెరిచి, కళ్లు మూసుకుని, ముందుకూ వెనక్కీ ఊగుతూ వల్లెవేస్తుంటే పెరట్లో కోళ్లకు కూడా సగం సిలబసు వచ్చేసే ఉంటుంది. మార్కులు బాగానే వచ్చాయి. యూనివర్సిటీకి వెళ్లాక ఆ మంత్రం పారలేదు. మొదటి సెమిస్టరులోనే రెండు పేపర్లు పోయాయి. నాన్న పోయాక మా ఇంటికి పెద్దదిక్కు మా మేనమామ. ఆయన వజ్రపుకొత్తూరు నుంచి పని కట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పాడు. "ఇంకోపాలి తప్పిందంటే సదువు కట్టేద్దాం. అప్ప పక్కన జీడిపప్పు బల్ల కాడ కూసుంటాది. ఆడగుంటకి ఫిజిక్సేటి?" నాకు ఒళ్లు మండింది. "మావా, నీ మోటారుబండి ఫిజిక్సు లేకుండానే నడుత్తందేటి?" అన్నాను. "నీకేటి తెల్సే?" అన్నాడు. "నాకేటీ తెల్దు. అందుకే అది వొచ్చి నాకు సెప్తాది. నాకు తెలిసిన్నాడు అది పాసైపోతాది" అన్నాను. నోటి దురదకొద్దీ అన్న మాట. అన్నాక వెనక్కి తీసుకుంటే నేను నేను కాను.

ఇక ప్రతి ఆదివారం చెల్లి హాస్టలు నుంచి వచ్చేది. ఇంటికి తెచ్చుకున్న పప్పుకు నేను పొట్టు తీస్తుంటే ఎదురుగా కూర్చుని పాఠం చెప్పేది. "తెలిసిందా అప్పా?" "లేదు." "ఎక్కడ తెలీలేదు?" "మొదలెట్టిన కాడే." మొదటి రెండు ఆదివారాలు ఏడ్చింది. మూడో వారం గైడు పక్కన పడేసి, పొట్టును నేల మీద పరిచి అందులో వేలితో బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. వెలుతురు ఒక అల అని చెప్పినరోజు, "అల అంటావు, మరి ఒడ్డుకొచ్చి ఇరిగి పడదేటే?" అని అడిగాను. నేను వెటకారానికే అడిగాను. అది మాత్రం ఆ ప్రశ్న నోటుబుక్కులో రాసుకెళ్లి, మళ్లీ ఆదివారానికి జవాబుతో వచ్చింది.

ఆ సెమిస్టరు ప్రయోగాల్లో ఒకటి దాన్ని ఏడిపించింది. గాజుపలక మీద గుండ్రటి లెన్సు పెట్టి పసుపు దీపం వేస్తే నల్లవీ పసుపువీ రింగులు కనబడతాయట. మైక్రోస్కోపు మర తిప్పుతూ వాటి వెడల్పు కొలిచి, లెన్సు వంపుతో లెక్కకడితే ఆ వెలుతురు అల పొడవు రావాలి. రావాల్సిన అంకె పుస్తకంలోనే ఉంది. కాబట్టి క్లాసులో చాలామంది ఆ అంకెను ముందు అడుగున రాసేసుకుని, కొలతలు కింది నుంచి పైకి నింపుకొచ్చేవాళ్లు. "నాకు పొద్దుకో అంకె ఒస్తంది అప్పా" అని చెల్లి గోల. "మరని అటూ ఇటూ తిప్పుతున్నావేటే? మా కటింగు మిషను మర కూడా అంతే. ఎనక్కి తిప్పితే కాసేపు ఉత్తినే తిరుగుతాది. ఒకేపే తిప్పు" అన్నాను. చెల్లి నెత్తి కొట్టుకుంది. "అది పుస్తకంలో ఉందే! బట్టీ కూడా పట్టీసేను!"

ఒకవైపే తిప్పితే అంకె నిలకడగా వచ్చింది. కానీ పుస్తకంలోది కాదు. పరీక్ష సోమవారం కావడంతో చెల్లి ఆదివారం రాత్రి ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున అది బయలుదేరుతుంటే నాకు మావ మాట గుర్తొచ్చింది. "ఈ ఒక్కపాలికి పుస్తకంలోదే రాసియ్యే, ఎవులు సూడొచ్చేరు?" అన్నాను. అది చెప్పుల్లో కాళ్లు పెడుతూ, "నువ్వు టిన్నులో అడుగున బద్దలెట్టి పైన గుండ్లు పరిసినప్పుడు ఎవులు సూసేరప్పా?" అంది. విరిగిన పప్పు అడుగున దాచి, పైన మాత్రం విరగని పప్పు పరచడం, నేను కార్ఖానాలో కొత్తగా చేరినప్పుడు చేసిన ఘనకార్యం అది. మేస్త్రీ అందరి ముందూ నా టిన్ను బల్ల మీద బోర్లించాడు. ఆ కథ నవ్వుతూ దానికి చెప్పింది నేనే.

సాయంత్రం వచ్చి జరిగింది చెప్పింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు దాని కాగితం దగ్గర ఆగాడట. "అందరికీ వచ్చిన అంకె నీకెందుకు రాలేదు?" "నాకు కనబడింది ఇదే సార్." "అయితే పుస్తకం తప్పా?" "పుస్తకం కాదు సార్. లెన్సు పెట్టె మీది చీటీలో రాసిన వంపు మీద నాకు నమ్మకం లేదు. కొలవనివ్వండి" అందట. కొలిస్తే వేరేగా ఉంది. ఎప్పుడో ఎవరో పాత లెన్సు తీసి ఇంకోటి పెట్టారు, చీటీ మాత్రం పాతదే. కొత్త వంపుతో లెక్కకడితే చెల్లి అంకె పుస్తకానికి బాగా దగ్గరికొచ్చింది. మిగిలిన కొద్ది తేడా ఎంతో కూడా కింద రాసింది. ఇక అదే బల్ల మీద, అదే తప్పు చీటీతో, మిగతావాళ్లకు సరైన అంకె ఎలా వచ్చిందని ఆయన అడిగితే గదిలో అందరూ కిటికీలోకి చూశారట.

పోయిన రెండు పేపర్లూ ఆ విడతలోనే గట్టెక్కాయి. ప్రయోగాల్లో మొదటి మార్కు దానిదే. మావ అంతా విని, "మరి ఆ అద్దం మార్సీసినోడు దొరికేడేటి?" అని అడిగాడు. చదువు కట్టేసే మాట మళ్లీ ఎత్తలేదు. చెల్లి ఇప్పుడు అక్కడే పరిశోధన చేస్తోంది. చిన్నాన్న కోడలికి చెప్పింది కూడా ఇంతే: తెలియనివాళ్లకు తెలిసేదాకా చెప్పమను, కనబడిందే రాయమను. నేను బడి మానేసి ఇరవై ఏళ్లయిందని మా ఊళ్లో అందరూ అంటారు. వాళ్ల లెక్క తప్పు; అందులోంచి ఆ ఆరు నెలల ఆదివారాలు తీసేయాలి.