తాళం వేసిన పెట్రోలు మూత

ఎండ బాగా కాసిన మధ్యాహ్నాల్లో మా పుస్తకాల అర దగ్గర పెట్రోలు వాసన వస్తుంది. నీ ఒక్కదానికే వస్తుందని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. చదివే పుస్తకం పుటలు గాలికి లేవకుండా బరువుగా పెట్టుకునే ఇనుప మూత ఒకటి ఆ అరలో ఉంది. పైన తాళం తగిలించే పట్టీ, లోపలి అంచున లారీ ట్యూబు కోసి అతికించిన రబ్బరు చుట్టు. రబ్బరు ఇప్పుడు ఎండి పగుళ్ళిచ్చింది. అది మా పెట్రోలు లారీ ట్యాంకు మూత.

నా చిన్నప్పుడు మెదక్‌లో పెట్రోలుతో నడిచే పాత లారీలు ఒకటో రెండో మిగిలి ఉండేవి. మాది మిలిట్రీవాళ్ళు వాడి అమ్మేసింది. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే గాని మేలుకునేది కాదు. పంట కోతల రోజుల్లో రేగోడ్, అల్లాదుర్గ్ వైపు ఊళ్ళ నుంచి వడ్లు, జొన్నలు, చలికాలంలో చెరుకు, సీతాఫలాల కాలంలో గంపలకు గంపలు పండ్లు మోసుకొచ్చేది గనక, దాని తొట్టి వాసన చూసి ఏ కాలం నడుస్తోందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాళ్ళం. అది ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడు దాని కింది నీడలోనే ఆడపిల్లలమంతా చేరి గచ్చకాయలు ఆడేవాళ్ళం. పైనుంచి ఒక నూనె చుక్క ఎవరి జడ మీదో పడేది, ఆట ఆగేది కాదు.

నడిపేది రత్నం మామ. చర్చి వెనక వీధిలో ఉండేవాడు. మా బాపూ ఆయనా ఒకే బావిలో ఈత నేర్చుకున్నవాళ్ళు. బతుకమ్మకు మా అమ్మ సత్తుపిండి, మలీద ముద్దలు వాళ్ళింటికి పంపేది. క్రిస్మస్ నాడు వాళ్ళింటి నుంచి గులాబీ పువ్వుల పిండివంటతో, గరిజెలతో పళ్ళెం వచ్చేది, పైన కప్పిన తెల్లగుడ్డకు కాస్త పెట్రోలు వాసనతో సహా. ఇంజను దగ్గితే ఆయన గోనెపట్టా పరిచి, కార్బరేటర్ విప్పి, పెట్రోలు దిగే ఇత్తడి జెట్టును పెదాల మధ్య పెట్టుకుని ఊది, దాని చిన్న రంధ్రంలోంచి సూర్యుణ్ణి చూసేవాడు. చెత్త ఇరుక్కుంటే ఎద్దు తోక వెంట్రుకతో తీసేవాడు. ఇనుప తీగ ఎందుకు పెట్టవని అడిగాను ఒకసారి.

"తీగ పెడితే బొక్క పెద్దగైతది బిడ్డా. అటెన్క దీనికి ఎంత తాపినా దూప తీరది" అన్నాడు.

ఆ రోజుల్లోనే ట్యాంకులో పెట్రోలు తగ్గిపోవడం మొదలైంది. రోడ్డు పక్కన నిలిపిన బండి, ఎవరైనా గొట్టం పెట్టి గుంజుకోవచ్చు. కానీ వీధిలో కొందరు దొంగ దూరంలో లేడని బాపు చెవిలో వేశారు. బాపు పాత మూత తీసేయించి, తాళం పట్టే మూత చేయించాడు. వాన చుక్క కూడా దూరవద్దని తానే ట్యూబు కోసి రబ్బరు అతికించి, మురిపెంగా అందరికీ చూపించాడు.

"నాక్కూడ తాళమేనా పటేలా?" అన్నాడు రత్నం మామ.

"నీకెందుకైతది? దొంగలకు. తాళంచెయ్యి మాత్రం నా మొలతాడుకే ఉంటది."

"గట్లైతే లారీకి దూపైనప్పుడల్లా మీ మొలతాడు పట్టుకొని గుంజాలె" అని రత్నం మామ నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. వాళ్ళిద్దరూ కలిసి నవ్వగా నేను చూసింది ఆ రోజే కడసారి.

తర్వాత లారీ దూరం పోయినప్పుడల్లా దారిలో ఆగిపోసాగింది. కబురు అందుకుని బాపు బస్సెక్కేవాడు. బడి లేకుంటే నన్నూ తీసుకెళ్ళేవాడు. చెలక గట్టున కార్బరేటర్ విప్పుకుని, మీసాల నిండా పెట్రోలు వాసనతో రత్నం మామ కూర్చుని ఉండేవాడు. బాపు చేసే మొదటి పని తాళం తీసి, మూత తిప్పి, పుల్ల ముంచి పెట్రోలు కొలుచుకోవడం. మూత వదులవగానే ట్యాంకు 'సుయ్' మని పెద్ద ఊపిరి తీసేది. బాపును చూసి లారీ నిట్టూర్చిందనుకుని నేను చప్పట్లు కొట్టేదాన్ని. తర్వాత హ్యాండిల్ తిప్పితే చాలు, ఇంజను అందుకునేది.

ఒకనాడు రేగోడ్ దారిలో బాపు ఆ మాట అననే అన్నాడు.

"నేను రాంగనే ఎట్ల చాలూ అయితది రత్నం? నన్ను చూసి బుగులు పడ్తదా గిది?"

"నాకు సుత సమజైతలేదు పటేలా. జెట్టు ఊదిన, పంపు సల్లబడెటందుకు తడిగుడ్డ ఏసిన. జర దూరం నడుస్తది, మళ్ల ఆగుతది."

"రోగం లారీకి గాదు. నడిపెటోనికి."

రత్నం మామ బండెక్కాడు. ఇంటిదాకా నడిపి, హ్యాండిల్ మా గడప పక్కన ఆనించి, గోనెపట్టా మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడు క్రిస్మస్‌కు పళ్ళెం రాలేదు. కొన్నాళ్ళకు వాళ్ళు శంకరంపేటకు మారిపోయారని తెలిసింది.

కొత్త డ్రైవరును నమ్మక బాపే బండిలో కూర్చుని వెళ్ళేవాడు. ఊరూరికీ ఆపి, మూత తీసి పెట్రోలు కొలిచేవాడు. లారీ ఒక్కసారీ ఆగలేదు. "చూస్తిరా?" అని అందరికీ చెప్పుకునేవాడు. తర్వాత డీజిల్ బండ్లు వచ్చి మా లారీ పాత ఇనుముకింద పోయినప్పుడు, తాను చేయించిన మూత మాత్రం విప్పి ఇంట్లో పెట్టుకున్నాడు.

నాకు బడి చదువు కొంచెమే. మిగిలిందంతా ఊళ్ళోని గ్రంథాలయంలో సంపాదించుకున్నాను, కథలైనా వైద్యమైనా వ్యవసాయమైనా అరలో వరసగా ఏది ఉంటే అది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు అలాగే మోటారు పనుల పుస్తకం ఒకటి చేతికొచ్చింది. అందులో ట్యాంకు గురించి చదువుతూ ఆగిపోయాను. పెట్రోలు బయటికి పోయేకొద్దీ లోపలికి గాలి రావాలట. దానికోసం మూతకు సన్నని రంధ్రం ఉంటుందట. అది లేకపోతే కొంత దూరం పోయాక పెట్రోలు దిగదు, ఇంజను ఆగుతుంది. మూత తీసిన వెంటనే మళ్ళీ నడుస్తుంది. చెవుల్లో 'సుయ్' మంది.

ఆ పుట బాపుకు చదివి వినిపించాను. ఆయన మూత తెప్పించుకుని, కళ్ళు ఆనక, వేలి కొసతో అంతా తడిమాడు. నున్నగా ఉంది.

"శంకరంపేటకు బస్సు ఎప్పుడుంది?" అన్నాడు.

రత్నం మామ జుట్టంతా నెరిసి, వాకిట్లో నులకమంచం అల్లుతున్నాడు. బాపు కూర్చోకుండానే చెప్పాడు. "రోగం లారీకీ లేదు, నీకూ లేదు రత్నం. నేను జేపిచ్చిన మూతకు గాలి బొక్క లేదు."

రత్నం మామ నులక ఇంకో వరస లాగి బిగించాడు. "తాళంచెయ్యి నా దగ్గరుంటే మొదటినాడే మూత తీస్తుంటి గద పటేలా" అన్నాడు.

బాపు మొలతాడుకు ఇంకా వేలాడుతున్న ఆ తాళంచెవిని విప్పి ఆయన చేతిలో పెట్టాడు. చాయ్ వచ్చింది, తాగాం. బాపు మెదక్ రమ్మన్నాడు. రత్నం మామ తల ఊపాడు, రాలేదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. మా మనవరాలి బండికి కార్బరేటరే లేదు. ఆగితే మెకానిక్ కంప్యూటర్ తగిలించి చూస్తాడు. జెట్టును పెదాలతో ఊదేవాళ్ళూ, దాంట్లోంచి సూర్యుణ్ణి చూసేవాళ్ళూ ఈ ఊళ్ళో కనబడరు. తాళంచెవి శంకరంపేటలోనే ఉండిపోయింది. మూతకు రంధ్రం కొట్టిద్దామని ఒకసారి వెల్డింగ్ షాపు దాకా తీసుకెళ్ళి, ఎందుకని అతడు అడిగితే చెప్పలేక తిరిగొచ్చాను. గాలి తీసుకోవడానికి దాని కింద ట్యాంకు లేదు కదా.