పదో నంబరు చీటీ

పోయిన నెల మూడో ఆదివారం పొద్దున, మందిరంల ఆరాధన షురూ అయ్యే యాళ్లకు నా పెద్దబిడ్డ ప్రభువు దగ్గరికి పోయింది. "ఈ ఒక్క ఆదివారమన్న అక్క టైముకు పోయింది" అని చిన్నబిడ్డ ఏడుస్తనే నవ్వింది. మేమందరం సుత నవ్వినం. ఆఖరి జాకెట్టు కుట్టుడు ఒడుస్తలేదని పెద్దది ఎన్నడూ సగం ప్రసంగం అయినంక వచ్చేది మరి.

నేను మూడో తరగతి చదివినదాన్ని. సంఘం పత్రికకు రాయమని పాస్టరు అయ్యగారు అంటే రాస్తున్న. తప్పులుంటే మన్నించండి.

నా పెద్దబిడ్డ రెజిమెంటల్ బజార్ల ఒక సందుల జాకెట్లు కుట్టేది. షాపంటే ఏం లేదు, ఒక మిషను, ఒక స్టూలు, నేను కూసునే చాప. కటింగు, మిషను పని ఆమెది. హెమ్మింగు, హుక్కులు నావి. వచ్చిన ప్రతి గుడ్డకు చీటీ మీద నంబరు రాసి గుండుసూదితో గుచ్చేది. పది కాంగనే మళ్ల ఒకటి నుంచి షురూ. పదో చీటీ ఎవరికి పడితే వాళ్లకు కుట్టుకూలి లేదు. "ఇది దేవునిది, తీస్కపోండి" అనేది. మందిరంల కానుకల సంచిల సుత వేసేది, గుప్పిట్లకు ఎంతొచ్చిందో చూడకుండ.

నాకు ఈ పద్ధతి నచ్చకపోయేది. దశమభాగమంటే సంపాదనల పదో వంతు, అది కవర్ల పెట్టి మందిరంల ఇయ్యాలె, లేకుంటే ఇంటికి నష్టం అని మా అమ్మ నాకు నేర్పింది. దేవునిది బజార్ల పంచుతున్నవ్, ఎన్నడన్న తగుల్తది అని లొల్లి పెట్టేదాన్ని. తగిలి చినిగితే కుట్టనీకి మనమే ఉన్నం గద అని నవ్వేది.

ఒకసారి పదో చీటీ బంగారం కొట్టు సేటు భార్యకు పడ్డది. ఆమె పది రూపాయలకు అర్ధగంట బేరం చేసే మనిషి. తొమ్మిదో చీటీ మా సందు ఊడ్చే అమ్మది. నా బిడ్డ చాయ్‌కి పోయినప్పుడు నేను రెండు చీటీలు మార్చి గుచ్చిన. వచ్చి చూసి కనిపెట్టింది.

"ఎవరు లాయకో మనం ఎంచితే దేవుడు ఇచ్చినట్టు ఎట్లయితదమ్మా? సేటమ్మకు ఎవరు ఊరికే ఇస్తరు చెప్పు, పాపం."

చీటీలు మళ్ల మార్చింది. ఊడ్చే అమ్మ దగ్గర సుత పైసలు తీస్కోలే. ఆ కూలి నా దగ్గర వసూలు చేసింది. ఇది నీ కానుక, నువ్వే కట్టు అన్నది. సేటమ్మ మాత్రం జాకెట్టు అందుకొని, లోపలి లంగాకు సుత ఈ లెక్క ఉందా అని అడిగింది. ఆమె పోయినంక మేమిద్దరం చాప మీద పడి నవ్వినం.

ఆడవాళ్ల కూటంల ఒకసారి ఇదే మాట వచ్చింది. కొందరేమో పదో వంతు పాతకాలం వాళ్లకు చెప్పింది, మనకు గాదన్నరు. కొందరు మనకు సుత అన్నరు. మా బిడ్డను అడిగితే, "పదో వంతు షురూ చెయ్యనీకి మంచిగుంటది, ఆగనీకి గాదు" అని మళ్ల ప్లేట్ల బిర్యానీ వడ్డించుకుంట పోయింది.

తర్వాత నా బిడ్డకు జబ్బు చేసింది. నాకు పాత భయం పట్టుకున్నది. కవరు ఇయ్యలేదు గనుకనే దేవుడు బిడ్డను అడుగుతున్నడు అనుకున్న. చెవుల కమ్మలు తీసి కవర్ల పెట్టి అయ్యగారి ఇంటికి పోయిన. ఇన్నేండ్ల బాకీకి జమ చేస్కోండి, నా బిడ్డను విడిచిపెట్టమని ప్రార్థన చెయ్యండి అన్న. ఆయన కవరు ముట్టలేదు. నన్ను వెంటబెట్టుకొని దవాఖానకు తెచ్చి, నా బిడ్డకే చెప్పిండు. అంత నొప్పిల సుత నవ్వింది.

"దేవుడు ఫైనాన్సోడు గాదమ్మా, కిస్తీ కట్టలేదని బండి గుంజుకపోనీకి. కమ్మలు పెట్టుకో, బోసిగ ఉన్నవ్."

పెట్టుకున్న. అయినా ఆమె పోయిన రోజు నుంచి ఆ భయం నా కడుపులనే ఉన్నది. అబద్ధం ఎందుకు చెప్పాలె.

పోయిన వారం షాపు తెరిచిన. కుట్టినయి పది ఉన్నయి, హుక్కులే బాకీ. కూసుని అన్నిటికీ వేసిన. తొమ్మిది ఇచ్చేసిన. పదోది మళ్ల సేటమ్మదే. చీటీ పీకేసి కూలి తీస్కుందామని నా చెయ్యి దాని మీదికి పోయింది. చూసేటోళ్లు సుత లేరు. ఉన్నకాడనే ఉంచిన.

సేటమ్మ వచ్చి పర్సు తీసింది. పదో నంబరమ్మా, వద్దన్న. సగమన్న తీస్కో అన్నది. వద్దన్న. నూరన్న తీస్కో అన్నది. అది సుత వద్దన్న. ఆమె పెంచుకుంట పోతున్నది, నేను వద్దంటున్న. అర్ధగంట బేరం. ఉల్టా బేరం. ఆఖరికి ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆమె వచ్చి నా చాప మీద కూసున్నది.

"నాకు పుట్టింటోళ్లు సుత ఊరికే ఏమియ్యలేదు తెలుసా. నీ బిడ్డనే రెండుసార్లు ఇచ్చింది."

ఆ మాటకు నా కడుపుల భయం కరిగిపోయింది. బాకీ తీర్చుకునే దేవుడైతే నా బిడ్డ చేతులతోని గిట్ల ఇప్పిస్తడా అనుకున్న.

చీటీ తీసేస్తా ఉండమ్మా అన్న. ఆమె ఉండనీ అన్నది. జాకెట్టును మడత పెట్టకుండ, భుజం మీద వేసుకొని బజార్ల నడిచింది. తెల్ల చీటీ, దాని మీద నా బిడ్డ రాసిన పది, జనంల కలిసేదాక ఊగుకుంట కనబడ్డది.