పద్దెనిమిది రూపాయల ముసలితనం

ముప్పై నిండకముందే తన ముసలితనానికి కుర్చీ కొనుక్కున్న మొనగాడు మా తెనాలి బజారు మొత్తంలో నేనొక్కణ్ణే. పొలాలు కొన్నవాళ్ళున్నారు, బంగారం కొన్నవాళ్ళున్నారు. అరవయ్యో ఏట కాళ్ళు చాపుకోడానికి ఇరవై తొమ్మిదో ఏటే ఏర్పాటు చేసుకున్నవాడు ఇంకొకడుంటే చూపించండి. అదీ నలభై చెప్పిన కుర్చీని ఇరవై రెండుకి కొట్టుకొచ్చాను. బేరం అంత బాగా కుదరబట్టే కొంప మునిగింది.

మాది ఇత్తడి సామాన్ల కొట్టు. అరవైల చివరి రోజులు. స్టీలు వచ్చి ఇత్తడిని అటకెక్కిస్తోంది. పాత బిందెలూ గంగాళాలూ తీసుకుని, వాటి బదులు కొత్త సామానివ్వడం మా వ్యాపారంలో సగం. పాత సామాను తూచాక, దాని చిల్లులకి వేసిన మాట్లకీ, మకిలికీ, అడుగున పట్టిన మసికీ కొంత తరుగు తీస్తాం. ఎంత తీస్తే ఎదుటివాళ్ళు ఊరుకుంటారో తెలియడమే మా ఇంటి చదువు. మా ఇంట్లో బేరమాడని ప్రాణి లేదు. మా నాయనమ్మ మంచంలో పడి కూడా డాక్టరుగారి ఫీజు దగ్గర గీచి గీచి మాట్లాడి, ఆయన మెట్లు దిగాక, "ఇంకో రూపాయి తగ్గేవాడే, నాకే ఓపిక లేకపోయింది" అని దిగులుపడింది.

నేనలాంటి ముసలాణ్ణి కాకూడదనుకున్నాను. ఎలాంటి ముసలాణ్ణి కావాలో కూడా చిన్నప్పుడే చూసిపెట్టుకున్నాను. పాత సామాను కోసం నాన్న నన్ను ఒకసారి బాపట్లలో ఒక ప్లీడరుగారింటికి తీసుకెళ్ళాడు. ఆయన వరండాలో పడక్కుర్చీలో, దాని పొడుగాటి చేతుల మీద కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నాడు. నాన్న ధర చెప్పాడు. ఆయన కళ్ళు తెరవకుండానే "ఊ, కానివ్వండి" అన్నాడు. అంతే. రైల్లో వస్తూ నాన్న ఆయన మీద జాలిపడ్డాడు. తరుగు ఎంత తీశామో కూడా అడగలేదు, పాపం ఒంట్లో ఎలా ఉందో ఏమో అన్నాడు. నాకు మాత్రం రాజుని చూసినట్టుంది. ముసలాణ్ణంటూ అయితే ఆ కుర్చీలో, ఆ "కానివ్వండి"తో అవ్వాలనుకున్నాను.

ఆ ప్లీడరుగారు పోయారనీ, ఆయన భార్య సామాను అమ్మేస్తున్నారనీ కబురొస్తే ఈసారి నేనొక్కణ్ణే వెళ్ళాను. వరసకి నాకు మేనమామ అయ్యే ఒకాయనకి రేపల్లెలో ఇలాంటి కొట్టే ఉంది. ఆయన నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఒకరి మీద ఒకరం ధర పెంచుకోకుండా గంగాళాలు ఆయనా, మిగిలినవి నేనూ పంచుకున్నాం. లేచి వస్తుంటే వరండాలో కుర్చీ కనపడింది.

ఆవిడ నలభై అన్నారు. పేము అల్లిక తెగిందని చూపించాను. ఒక కాలు ఊగుతోందన్నాను. టేకు కాదేమోనని గోటితో గీకాను. ఆవిడ నలభై దగ్గరే నిలబడి, "ఇంతకీ ఎవరికి బాబూ?" అన్నారు.

నాకేనండి, ముసలాణ్ణయ్యాక కూర్చోడానికి అని ఎలా చెప్పను?

"మా నాన్నగారికండి. ఇక కొట్టు నాకప్పజెప్పి విశ్రాంతిగా కూర్చుంటారు."

ఆవిడ కుర్చీ చెయ్యి మీద చెయ్యి వేశారు. తర్వాత, "ఆయన చేయించుకున్నప్పుడు ఇరవై రెండయింది. పెద్దాయన కోసమంటున్నావు, అంతే ఇచ్చి తీసుకెళ్ళు" అన్నారు. నాలుగు అడుగుల దూరంలో మా మామయ్య గంగాళాలకి తాడు కడుతున్నాడు. ఆ సంగతి నాకప్పుడు పట్టలేదు.

మా బజారులో గల్లాపెట్టె వెనక కూర్చున్నవాడే కొట్టు. పేరు ఎవరిదైనా, పెట్టుబడి ఎవరిదైనా, తాళాలు మొలతాడుకి కట్టుకుని గల్లా దగ్గర కూర్చున్నవాడి మాటే మాట. కొట్టు ముందు అరుగు మీద పడక్కుర్చీ వచ్చిందంటే ఆ ఇంటి పెద్దాయన గల్లా దిగాడని అర్థం. ఎవరూ బోర్డు కట్టక్కర్లేదు. దిగినవాడు మళ్ళీ ఎక్కిన దాఖలా లేదు. ఇవన్నీ తెలిసి కూడా కుర్చీని పాసింజరు లగేజీ పెట్టెలో వేయించుకుని తెనాలిలో దిగాను.

నాతోపాటే దిగిన మామయ్యకి రేపల్లె బండికి ఇంకా టైముంది. నేను స్టేషను బయట రిక్షా అబ్బితో పావలా దగ్గర పేచీ పడుతున్నాను. ఆయన ఈలోపు మా కొట్టుకి నడిచి వెళ్ళి, మంచి పని చేశావు బావా, వయసొచ్చిన కొడుక్కి అప్పజెప్పాలి మరి అని నాన్నని మెచ్చుకుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడట. ఆ పావలా తగ్గించుకుని నేను వెళ్ళేసరికి అటు మూడు కొట్ల వాళ్ళూ ఇటు మూడు కొట్ల వాళ్ళూ రోడ్డు మీదున్నారు.

నాన్న గల్లా వెనకనుంచే అడిగాడు.

"ఎంత చెప్పారు?"

"నలభై."

"ఎంతకొచ్చింది?"

"ఇరవై రెండు."

"నా పేరు చెప్పాకేనా దిగింది?"

నేను రిక్షాలో కుర్చీకి కట్టిన తాడు విప్పసాగాను.

"అయితే నేను పద్దెనిమిది చేస్తానన్న మాట" అని మొలతాడుకున్న తాళాలు విప్పి గల్లా మీద పెట్టాడు. కుర్చీ రిక్షాలోంచి దించేదాకా అరుగు మీద నిలబడి, దించాక కూర్చున్నాడు. నాకోసం కొనుక్కున్నది నాన్నా అంటే, వినేవాళ్ళందరితో పాటు నాన్న కూడా ఒక నవ్వు నవ్వాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు తనకే పడక్కుర్చీ కొనుక్కున్నాడంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

మర్నాటినుంచి ఆయన్ని ధర అడిగినవాళ్ళు లేరు. మోకాళ్ళెలా ఉన్నాయి, నిద్ర పడుతోందా అని అడుగుతున్నారు. భట్టిప్రోలు నుంచి ఒక రైతు ఏళ్ళ తరబడి నాన్న చెయ్యి పడందే చెంబు కూడా కొనేవాడు కాదు. ఆయన ఇప్పుడు వచ్చి నాన్నతో చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడి, నా దగ్గరికొచ్చి మామూలు గొంతుతో బేరం మొదలుపెట్టాడు. ఎవరైనా పొరపాటున అడిగినా నాన్న కళ్ళు తెరవకుండా, "ఊ, కానివ్వండి, వాణ్ణడగండి" అంటున్నాడు.

ఆ మాట వినగానే నా చేతిలో తక్కెడ ఆగిపోయింది. నేను కలగన్న ముసలాడు అచ్చం ఇలాగే ఉంటాడు. అదే కుర్చీ, అదే కాళ్ళు చాపడం, అదే మాట. చిన్నప్పుడు చూసినప్పుడు అది దర్జా. ఇప్పుడు మా అరుగు మీద చూస్తే, మనిషి ఇంక దేని జోలికీ రానని చెప్పేసినట్టుంది. ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ, "మీ నాన్న కూరలో ఉప్పు చాల్లేదని గొణగడం మానేశాడ్రా. నాకు భయంగా ఉంది" అంది.

రేపల్లె వెళ్ళాను. తప్పు విన్నానని నాన్నకి ఒక్క మాట చెప్పమని మామయ్యని బతిమాలాను. ఆయన గంగాళం తుడుచుకుంటూ, "చెవులారా విన్నాను అల్లుడూ. నీ అబద్ధం నువ్వే దింపుకో. నా నోరు అద్దెకివ్వను" అన్నాడు. అయినా నాన్న బజారు ముందు దిగాడు. చాటుగా చెప్పిన మాటతో మళ్ళీ గల్లా ఎక్కడు. దింపింది ఎక్కడో ఎక్కించాల్సిందీ అక్కడే.

మర్నాడు నాన్న రాకముందే కొట్టు తెరిచి, గల్లా ఖాళీగా వదిలేసి, కుర్చీలో పడుకున్నాను. కాళ్ళు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టాను. బజారు నిండుగా ఉంది. సంగం జాగర్లమూడి నుంచి ఒకావిడ పాత బిందె చంకనపెట్టుకుని వచ్చి నా వంక ఎగాదిగా చూసింది.

"నా ముసలితనానికని నేనే కొనుక్కున్నాను పిన్నీ" అన్నాను, అటూ ఇటూ ఉన్న కొట్లకి వినపడేట్టు. "నాన్నకని అబద్ధమాడి తగ్గించుకున్నాను. బేరం సంగతి పెద్దాయన్నడగండి."

ఎదురు కొట్టాయన తూకం ఆపేసి నవ్వాడు. ఆ నవ్వు వీధి చివరిదాకా వెళ్ళింది. అప్పటికి నాన్న వచ్చి మెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"మీ అబ్బాయికి ఒంట్లో బాలేదా బాబాయ్?"

"పుట్టినప్పట్నించీ ఇంతేనమ్మా" అన్నాడు నాన్న.

ఆవిడ బిందె చాపింది. ఆయన అందుకోకుండా కాసేపు చూశాడు. తర్వాత అందుకుని, అడుగు తిప్పి, రెండు మాట్లున్నాయన్నాడు. ఒకటేనని ఆవిడంది. మసి బారెడుందన్నాడు. పొద్దున్నే చింతపండేసి తోమానని ఆవిడ. అలా మాటమీద మాట పెంచుకుంటూ లోపలికెళ్ళారు. కాసేపటికి గుమ్మంలోంచి నాన్న చెయ్యి ఒకటి నా వైపు వచ్చింది. తాళాలు అందులో పెట్టాను.

ఆ మధ్యాహ్నం కూరలో ఉప్పు చాల్లేదన్నాడు. సరిగ్గానే ఉందని అమ్మ గట్టిగా దెబ్బలాడింది. నన్ను మాత్రం బజారు ఆ రోజునుంచీ తాతగారనే పిలిచింది. బాకీ అడగడానికెళ్తే, "తాతగారికి పీట వెయ్యండ్రా" అనేవాళ్ళు. కుర్చీ అటకెక్కింది.

డెబ్భైలు సగం దాటాక ఒక సాయంత్రం, కొట్టు కట్టేస్తుంటే, నాన్న తనంతట తనే తాళాలు విప్పి నా చేతికిచ్చాడు. మోకాళ్ళు వినడం లేదన్నాడు. ఆ కుర్చీ ఉందా అని అడిగాడు. ఉందన్నాను.

"ఎంతకిస్తావు?"

"ఊరికే తీసుకో నాన్నా."

"ఊరికే అయితే వద్దు. నా పేరు మీద తగ్గింది పద్దెనిమిది. ఇరవై రెండులో అది పోను నాలుగిస్తాను."

అల్లిక వేయించానని నేను మొదలుపెట్టాను. కాలు ఇంకా ఊగుతోందన్నాడు. చివరికి నాలుగుకే ఇచ్చాను. ఇప్పుడు ఆయన అందులో కూర్చుని, వీధిలో పోయే కూరగాయల బండిని ఆపి, కొనకపోయినా సరే, ధర తగ్గించి పంపిస్తుంటాడు. నాకు నలభై దాటాయి. నేనూ అలాంటి ముసలాణ్ణే అవుతానని ఇప్పుడు తెలుసు. నాయనమ్మ లాగా డాక్టరు మెట్లు దిగాక కూడా దిగులుపడతాను.

లెక్క ఇది. కుర్చీకి ఇరవై రెండు. లగేజీకి రూపాయిన్నర. రిక్షాకి ముప్పావలా. రేపల్లెకి రానూపోనూ టిక్కెట్టు. పేము అల్లికకి తొమ్మిది. నాన్న ఇచ్చినవి నాలుగు. కుర్చీ మళ్ళీ నాకే వస్తుంది కాబట్టి అది నష్టంలో రాయను. పద్దెనిమిది మాత్రం నాన్న వాటా కాదు, నా తెలివీ కాదు. బాపట్లలో ఆవిడ, పెద్దాయన కూర్చుంటాడని వదులుకున్న డబ్బు. పెద్దాయన కూర్చున్నాడు, ఏడెనిమిదేళ్ళు ఆలస్యంగా. ఆవిడకి ఆ మాట చెప్పలేదు, డబ్బూ ఇవ్వలేదు. సామాను కోసం బాపట్ల వెళ్ళినప్పుడల్లా ఆ వీధి తప్పించి వెళ్తున్నాను.