ఇద్దరూ కలిసొస్తేనే తలుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పుట్టిన పిల్లలు నిలిచేవాళ్లు కాదు. నా తర్వాత ఇద్దరు తమ్ముళ్లు పుట్టారు. ఇద్దరూ పురుడు కడగకముందే దవడలు బిగుసుకుపోయి, అమ్మ రొమ్ము అందుకోలేక కన్నుమూశారు. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమనున్న మా పల్లెలో చాలా ఇళ్లలో ఇదే కథ. దేవుడిచ్చాడు, దేవుడే తీసుకుపోయాడని సర్ది చెప్పుకునేవాళ్లు. మా అమ్మకు అలా సర్దుకోవడం చేతకాలేదు. మళ్లీ నెల తప్పినప్పటి నుంచి ఆమె నవ్వగా నేను చూడలేదు.

మా ఊళ్లో కాన్పులన్నీ దాదమ్మ చేసేది. సాయబుల ఇంటి పెద్దావిడ. నేనూ ఆమె చేతుల్లోనే పడ్డాను. ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరితే సగం నొప్పి తగ్గుతుందని ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు.

ఆ రోజుల్లోనే మేడ్చల్ దవాఖానకు కొత్తగా ఒక నర్సమ్మ వచ్చింది. వయసులో చిన్నది, పనిలో గట్టిది. బండి కట్టించుకుని పల్లెలు తిరిగేది. బొడ్డు కోసే కొడవలి వల్ల, దాని మీద అద్దే బూడిద వల్ల పిల్లలు చనిపోతున్నారని ఒకరోజు మా వాడలో పదిమంది ముందు దాదమ్మ ముఖం మీదే అనేసింది. ఆ మాటలో నిజం ఉంది. కానీ అన్న తీరు దాదమ్మ గుండెలో గుచ్చుకుంది.

“గీ ఊరంత నా సేతుల మీద పుట్టింది. నేను పిల్లల్ని సంపుతనా?” అని ఆ ముసలామె మా అరుగు మీద కూర్చుని ఏడ్చింది.

అప్పటి నుంచి నర్సమ్మ వచ్చిన ఇంటికి దాదమ్మ వెళ్లదు, దాదమ్మ ఉన్న ఇంట్లోకి నర్సమ్మ రాదు. ఊరి ఆడవాళ్లు దాదమ్మ వైపే నిలబడ్డారు. బండి చప్పుడు వినబడితే తలుపులు మూసుకునేవి.

మా నాయనమ్మ, అవ్వ, మాత్రం ఇద్దరిలో ఎవరినీ ఏమీ అనలేదు. అమ్మకు నొప్పులు మొదలైన రోజు పొద్దున్నే తన కొడుకును, మా బాపును, నర్సమ్మ కోసం మేడ్చల్ పంపింది. తను వెళ్లి దాదమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పలేదు. ఇంకా సమయముందని దాదమ్మ అరుగు మీద పాన్ నములుతూ ఉండగా నర్సమ్మ బండి వచ్చి ఆగింది. దాదమ్మ లేచి చెప్పులు తొడుక్కుంది. నర్సమ్మ బండి దిగనేలేదు.

అవ్వ గడపలో నిలబడి రెండు చేతులూ తలుపు చెక్కలకు అడ్డం పెట్టింది.

“ఇద్దరు మనుమండ్లను మట్టిల పెట్టిన. ఇగ మీ పంతాలు జూసే ఓపిక నాకు లేదు. నా కోడలికి నీ ధైర్యం గావాలె, అక్కా. పుట్టేటోనికి నీ కత్తెర గావాలె, బిడ్డా. ఒక్కలొస్తె తలుపు తియ్య. ఇద్దరు గలిసి రాండ్రి.”

లోపల అమ్మ మూలుగుతోంది. అవ్వ ఇంత రాతిగుండెదా అనిపించింది నాకు. ఆమె కొంగు పట్టి లాగుతూ ఏడ్చాను. అవ్వ వంగి నా తలకు తన చెంప ఆనించింది, చేతులు మాత్రం దించలేదు.

ఇంతలో లోపలి నుంచి అమ్మ “దాదమ్మా!” అని కేక పెట్టింది. నర్సమ్మ బండి దిగింది. పెట్టెలోంచి సబ్బు తీసి, నీళ్ల గోలెంలో చెంబు ముంచుకుని దాదమ్మ ముందు నిలబడింది.

“ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. చేతులు పట్టండి, దాదమ్మా. నీళ్లు నేను పోస్తాను.”

దాదమ్మ పాన్ ఉమ్మేసింది. రెండు చేతులూ ముందుకు చాచింది.

“మంచిగ పొయ్యి,” అంది. అవ్వ తలుపు మీంచి చేతులు తీసి ఇద్దరినీ లోపలికి పోనిచ్చింది.

లోపల జరిగింది అవ్వ తర్వాత చెప్పింది. అమ్మ నర్సమ్మను ముట్టుకోనివ్వలేదట. దాదమ్మ వెనక కూర్చుని అమ్మను తన ఛాతీకి ఆనించుకుని, నేనున్న కదా అన్నాకే ఒప్పుకుందట. బొడ్డుపేగు మెడకు చుట్టుకుని, నీలంగా, ఏడుపు లేకుండా బిడ్డ పుట్టాడు. నర్సమ్మ పేగు తప్పించి నోట్లో ఊపిరి ఊదింది. దాదమ్మ అరికాళ్లు రుద్దింది. ఏడుపు నాకు బయటికి వినిపించింది. అప్పుడు నర్సమ్మ నీళ్లలో మరిగించిన కత్తెర దాదమ్మ చేతికిచ్చి, మీరే కొయ్యండి అందట. ఆ బొడ్డుకు బూడిద అద్దలేదు.

ఆ తర్వాత చాలా రోజులు అమ్మ తమ్ముడి దవడ తడిమి చూసుకుంటూనే ఉంది. వాడు మాత్రం కడుపు నిండా తాగి నిద్రపోయేవాడు.

వాళ్లిద్దరూ స్నేహితులైపోయారంటే అబద్ధమవుతుంది. చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కడ కాన్పున్నా ఒకే బండిలో వెళ్లేవాళ్లు. దారి పొడుగునా ఒకరి మీద ఒకరు సణుక్కునేవాళ్లు. పురిట్లో పోయే పిల్లలు మాత్రం మా వైపు తగ్గుతూ వచ్చారు.

నాకు ఎనభై ఎప్పుడో దాటాయి. మనసులు కలిశాకే చేతులు కలుస్తాయంటే నేను నమ్మను. మా ఇంట్లోనో వాడలోనో ఇద్దరు మొండికేసినప్పుడు తప్పెవరిదని అడగను. మీ ఇద్దరి కోసం ఎదురుచూస్తూ లోపల నొప్పులు పడుతున్నది ఎవరో ముందు చూడండి, అంటాను.