అంటించిన కవరులో గుర్రం

గడియారాలు బాగుచేసే ఆయన ముప్పై ఏళ్ళుగా ఒకే కిటికీ పక్కన కూర్చుని పనిచేస్తున్నాడు. చీమ తలకాయంత మరనైనా పట్టకారుతో ఇట్టే అందుకునే చెయ్యి ఆయనది. ఈ మధ్య మరల్ని వేలికొసతో తడిమి ఏరుతున్నాడు. భార్య చూసింది, ఎవరికీ చెప్పలేదు. కళ్ళు ఆనడం లేదన్న మాట బయటికి పొక్కితే గడియారం ఎవరిస్తారు? కొట్టు మూసుకోవాల్సిందే.

ఆయనకున్న సరదా ఒక్కటే, క్లబ్బులో చదరంగం. ఆదివారం ఆమె తమ్ముడితో మొదలైన ఆట పొద్దు గూకినా తెగలేదు. తెగని ఆటకి అక్కడొక కట్టుబాటుంది. వంతు వచ్చినవాడు కాయ కదపకుండా, తన ఎత్తు కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించాలి. మర్నాడు విప్పితే అందులో ఏముంటే అదే ఎత్తు. దిద్దుకోవడం కుదరదు. చెల్లని ఎత్తు రాస్తే ఓడినట్టే.

వంతు ఆయనది. ఆ మసక వెలుతురులోనే రాసి అంటించాడు. ఆటలకు పెద్దమనిషిగా ఉండే రిటైరైన పోస్టుమాస్టరు కవరు బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మర్నాడు పొద్దున్నే, కాయలెక్కడెక్కడ నిలిచాయో పోస్టుమాస్టరు రాసిచ్చిన చీటీ చూసి, ఆమె ఇంట్లో చదరంగం బల్ల మీద కాయలు పేర్చింది.

"మీ తమ్ముడి పని అయిపోయిందే! గుర్రం ఇదిగో, ఇక్కడికి."

"అక్కడ మన బంటే ఉందిగా అండీ, ఎత్తు చెల్లదు."

ఆయన వేలు మెల్లగా వెళ్ళి బంటు తలకి తగిలి ఆగిపోయింది.

"నిన్న ఇదే రాశారా?"

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. గోడ మీది గడియారాలన్నీ ఒక్కసారిగా చప్పుడు పెంచినట్టనిపించింది ఆమెకి.

"కవరు విప్పకముందే ఓడిపోయానని చెప్పెయ్యండి."

"గెలిచే ఆట వదిలేస్తే వాడికి అనుమానం రాదూ?"

"వాడా? గెలిచానని ఎగిరి గంతేస్తాడు."

సాయంత్రం ఆమె కూడా క్లబ్బుకి వెళ్ళింది. మెట్ల దగ్గర ఆయన మోచెయ్యి వదల్లేదు.

"ఏంటి బావా, ఏడిస్తే ఓదార్చడానికి అక్కని తెచ్చుకున్నావా?" అన్నాడు తమ్ముడు.

"ఆట నీదేరా. ఒప్పేసుకుంటున్నా."

తమ్ముడు నవ్వబోయి ఆగాడు. "నేను చచ్చే ఆట ఇది! అంత ఘనంగా ఏం రాశావో చూడొద్దూ? విప్పండి మాస్టారూ."

"వద్దురా!" అంది అక్క, కాస్త గట్టిగానే.

అప్పటికే కవరు చిరిగింది. పోస్టుమాస్టరు కాగితం చూశాడు, బల్ల చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. పైకి చదవకుండా తమ్ముడి చేతికిచ్చాడు. తమ్ముడు చదివి అక్క వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"బావా," అన్నాడు గొంతు తగ్గించి, చెయ్యి పైకెత్తి. "ఇవెన్ని వేళ్ళు?"

గొంతు వచ్చిన వైపు ఆయన చూశాడు.

"మూడు."

తమ్ముడు ఎత్తిన పిడికిలి అలాగే ఉండిపోయింది.