దేవుని బట్టలో తెగిన పోగులు

ఈ మాట ఎన్నేళ్లుగా నా కడుపులో ఉందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, తాత పోయాడు, మగ్గం అటకెక్కింది. మాట మాత్రం కదల్లేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను కాలేజీలో చేరిన ఏడాది, షోలాపూర్లో తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో మా మేడమీది గదిలోకి, మా మాటలో ఖోలీలోకి, ఆనా అద్దెకు దిగింది. ఆమె దేశం పేరు కూడా మాకు సరిగ్గా పలకడం వచ్చేది కాదు. బీడీలు చుట్టే తల్లుల పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పడానికి వచ్చిందట. జీతం లేకుండా. జీతం లేకుండా ఇంత దూరమా? వాళ్లమ్మ ఏమీ అనలేదా? ఎదురింటి మరమగ్గాల చప్పుడులో నిద్ర ఎలా పడుతుంది? ఆమె జొన్నరొట్టె విరిచే తీరు చూస్తూ కూర్చునేదాన్ని. ఆరేసిన ఆమె సాక్సులు కూడా తిప్పి చూశాను, సిగ్గులేకుండా. ఆమె మాత్రం నెమ్మదిగా మాలో కలిసిపోయింది. మా మాటలు కూడా పట్టేసింది.

శ్రావణంలో తాత దేవుని బట్ట మొదలుపెట్టాడు. నారళీ పున్నమికి, అంటే రాఖీ పున్నమికి, మా కులదైవం మార్కండేయుని రథం కదిలేలోగా మా ఇంటి నుంచి ఒక కండువా వెళ్లాలి. ఆ పడుగులో, నిలువు దారాల్లో, పోగు తెగకూడదు, ముడి పడకూడదు. అది మా ఇంటి పట్టింపు. అలాంటి మగ్గం మీద తాత ఆనాను కూర్చోబెట్టి, పక్కనే ఉండి, కాసేపు నేయనిచ్చాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మగ్గానికి కండెలు చుట్టిన నన్ను ఒక్కనాడూ కూర్చోమనలేదు.

నాకు ఒళ్లు మండింది. కాదు, మంట కంటే కుతూహలమే ఎక్కువ. అక్కడ కూర్చుంటే ఎలా ఉంటుంది? నేస్తున్నంతసేపూ ఆమె ఎందుకంత నవ్వింది? మర్నాడు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. కండె పెట్టిన నాడెను పోగుల మధ్య నుంచి అటు విసిరాను. ఎంత బాగుందో! మళ్లీ విసిరాను. అది పోగుల మధ్య ఇరుక్కుంది. చూసుకోకుండా, నేతను దగ్గరికి కొట్టే పలకను ముందుకు లాగాను. పోగులు పటపటా తెగాయి. వంటింట్లోకి వెళ్లి పడుకుని, నిద్రపోతున్నట్టు నటించాను.

తాత కేకలు వేయలేదు. మగ్గం ముందు చతికిలపడ్డాడు.

"గా పిల్ల మల్ల కూసున్నట్టుంది. ఆమెకేం తెల్సు? గల్తీ నాదే. దేవుని బట్ట మీద పరాయి చెయ్యి పడనియ్యద్దుండె. వేరే ఖోలీ సూస్కొమ్మనుండ్రి."

ఆనా పెట్టె సర్దుకుంటూ నన్ను అడిగింది, "తాత ఉన్నప్పుడే కూసున్న గద. నా గల్తీ ఏంది? చెప్పు. మల్ల చెయ్య."

"నీ చెయ్యి మొరటుది. నిన్ననే పోగులు నలిగినయ్. ఇయ్యాల తెగినయ్" అన్నాను.

ఆమె తన అరచేతులు చూసుకుంది. "అవునా" అంది.

ఆ ఏడు మా కండువా లేకుండానే రథం కదిలింది. ఆనా ఊళ్లోనే హోట్గి రోడ్ వైపు గది తీసుకుంది. పిల్లల కోసం వస్తూనే ఉంది కానీ మా గుమ్మం దాటలేదు. బీడీలు చుట్టే ఆడవాళ్లు సరదాకి ఆకు, కత్తెర చేతికివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకునేది. "వద్దక్కా, ఖరాబైతది" అనేది. నేను చెవులారా విన్నాను. అప్పుడూ నోరు విప్పలేదు.

ఎందుకు? తాత కొడతాడనా? ఆయన ఎన్నడూ చెయ్యెత్తిన మనిషి కాదు. 'ఎందుకు కూసున్నవే' అని అడుగుతాడని, అడిగితే నాకూ కూర్చోవాలని ఉందని చెప్పాల్సి వస్తుందని, చెబితే ఆయన నవ్వుతాడో, నిజంగానే కూర్చోబెడతాడో తెలియక భయపడ్డానేమో. ఇప్పటికీ తెలియదు. ఆ చిన్న భయానికి ఒక మనిషిని ఇంట్లోంచి పంపేశాను.

ఇప్పుడు ఆమె ఎక్కడుందో? ఎవరైనా ఏదైనా చేతికిస్తే తీసుకుంటుందా?

పోగులు తెంపింది నేనే. మగ్గం నుంచి కోసేసిన ఆ గుడ్డ ముక్క నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు తీసి వేలితో తడుముతాను. ఆనా నేసినంత మేర ఎక్కడా వంక లేదు.